బియ్యం బస్తా తగ్గితే పప్పు డబ్బా నిండుతుంది: తక్కువ ఖర్చులో, తక్కువ టైములో తిండీ వ్యాయామమూ

నలుగురున్న ఒక మామూలు తెలుగింటి నెల సరుకుల చీటీ తీసుకుందాం. బియ్యం 35 కిలోలు, నూనె 5 లీటర్లు, పంచదార 3 కిలోలు, కందిపప్పు 2 కిలోలు, పెసరపప్పు అర కిలో. పోపు సామాను, చింతపండు, ఎండుమిర్చి ఎలాగూ ఉంటాయి. కూరగాయలు వారానికోసారి, గుడ్లు వీలైనప్పుడు. ఈ చీటీని నలుగురికీ, 30 రోజులకీ పంచి చూస్తే మనిషికి రోజుకు బియ్యం దాదాపు 290 గ్రాములు, నూనె 38 గ్రాములు, పంచదార 25 గ్రాములు, పప్పు 21 గ్రాములు పడతాయి.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కేలరీలు కావలసిన మనిషికి అది చెప్పిన కొలతలు ఇవి: బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85. పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100, పల్లీలూ నువ్వుల్లాంటివి 35, నూనె 27. ధాన్యాల కొలత వండక ముందుది. దీన్ని పై చీటీ పక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. బియ్యం ఒక్కటే ధాన్యాల వాటా దాటేసింది, టిఫిన్ రవ్వా గోధుమపిండీ ఇంకా లెక్కలోకి రానేలేదు. నూనె పది గ్రాములకు పైగా ఎక్కువ. పప్పు మాత్రం కావలసినదాంట్లో నాలుగో వంతు.

ఆరోగ్యంగా తినాలంటే డబ్బున్నవాళ్ళకే కుదురుతుందన్న మాట బాగా పాకిపోయింది. ఓట్స్, కినోవా, ఆలివ్ ఆయిల్, బాదంపప్పు, ప్రోటీన్ డబ్బా అంటూ మొదలుపెడితే అలాగే అనిపిస్తుంది. వీటిలో ఒక్కటి కూడా తప్పనిసరి కాదు. మన చీటీలో ఉన్న డబ్బే చాలావరకు సరిపోతుంది, అది ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి మారాలి, అంతే.

ఆ మార్పు ఎంతవుతుందో లెక్క కట్టి చూపిస్తాను. ధరలు ఊరిని బట్టి మారతాయి కాబట్టి ఇక్కడ ఉదాహరణకు పెట్టుకున్నవి చెబుతున్నా: బియ్యం కిలో 55 రూపాయలు, నూనె లీటరు 150, పంచదార 45, పప్పులు సగటున 125, శనగలు 95, మీల్ మేకర్ 140. బియ్యం 35 నుంచి 27 కిలోలకు తగ్గిస్తే 440 రూపాయలు మిగులుతాయి. నూనె మూడున్నర లీటర్లకు దించితే 225. పంచదార సగం చేస్తే 67. మొత్తం 730 చిల్లర. ఆ డబ్బుతో ఇంకో 3 కిలోల కంది, పెసరపప్పు (375), 2 కిలోల శనగలు (190), కిలో మీల్ మేకర్ (140) వస్తాయి. అన్నీ కలిపి 705. మనిషికి రోజుకు 21 గ్రాములున్న పప్పు దినుసులు 71 గ్రాములకు చేరాయి, బిల్లు మాత్రం పెరగలేదు. దీనివల్ల ఒక్కొక్కరికి రోజుకు 13 గ్రాముల ప్రోటీన్ చేరుతుంది. తగ్గించిన బియ్యంతో 5 గ్రాములు పోతుంది కాబట్టి నికరంగా 8 మిగిలినట్టు. కేలరీలు కూడా మనిషికి రెండు వందలకు పైగా తగ్గుతాయి. బరువు పెరుగుతున్నవాళ్ళకు ఇది మేలే.

ఈ లెక్క రెండు చోట్ల మారుతుంది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అలా బియ్యం ఉచితంగానో నామమాత్రపు ధరకో వచ్చే ఇంట్లో బియ్యం తగ్గించినా డబ్బు మిగలదు. అక్కడ పప్పుకి డబ్బు నూనె, పంచదార, బయట కొనే చిరుతిళ్ళలోంచే రావాలి. సాయంత్రం రెండు ప్లేట్ల మిర్చి బజ్జీల ధరకు మూడు వందల గ్రాముల పైన పప్పు వస్తుంది. రెండోది, కూలి పనికో హమాలీకో పొలానికో వెళ్ళి రోజంతా ఒళ్ళు వంచేవాళ్ళు అన్నం తగ్గించకూడదు. వాళ్ళకు ఆ కేలరీలు కావాలి. తగ్గించకుండానే పప్పు కలపాలి.

పప్పుచారులో పప్పెంత?

రోజూ పప్పు తింటూనే ఉన్నాం కదా అనుకుంటాం. గిన్నెలోకి తొంగి చూడాలి. గుప్పెడు కందిపప్పు, అంటే 50 గ్రాములు, ఉడికించి చింతపండు పులుసు పోసి మరిగిస్తే నలుగురికి సరిపడా పప్పుచారు అవుతుంది. అందులో మొత్తం ప్రోటీన్ 11 గ్రాములు. మనిషి వంతుకు మూడు గ్రాములు కూడా రాదు. అదే నలుగురికి రైస్ కుక్కర్‌తో వచ్చే కొలత కప్పు నిండా, అంటే దాదాపు 150 గ్రాములు వేసి గట్టి పప్పు చేస్తే ఒక్కొక్కరికి 8 గ్రాములు. రెండింటినీ మనం పప్పనే అంటాం, ప్రోటీన్ మాత్రం మూడు రెట్లు తేడా. పప్పుచారు మానక్కర్లేదు. అది చేసిన రోజు పక్కన శనగల కూరో గుడ్డో ఉండాలి.

పెద్దవాళ్ళకు శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించింది. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. వయసు మీరినవాళ్ళకూ, కండరాల వ్యాయామం చేసేవాళ్ళకూ కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు ఉంటే మంచిది. ఇప్పుడు మామూలు రోజు చూడండి. పొద్దున మూడు ఇడ్లీలు, రెండు పూటలా కలిపి 250 గ్రాముల బియ్యపు అన్నం, పప్పుచారు, కూర, కాస్త పెరుగు, టీలో పాలు. అన్నీ కలిపితే 37 గ్రాముల దగ్గర ఆగుతుంది. అందులో 20 గ్రాములు బియ్యం ఇచ్చినవే.

బియ్యపు ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పులో అది దండిగా ఉంటుంది. పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. అందుకే రెండూ కలిసినప్పుడు శరీరానికి పనికొచ్చే ప్రోటీన్ వస్తుంది. వండక ముందు తూకంలో మూడు వంతుల ధాన్యానికి ఒక వంతు పప్పు అనేది గుర్తుపెట్టుకోదగిన పాళ్ళు. పై చీటీలో అది దాదాపు పద్నాలుగుకు ఒకటి.

పది గ్రాముల ప్రోటీన్ ఎంతకు వస్తుంది?

ఏది చవక అన్నది కిలో ధరలో తెలియదు, ప్రోటీన్ ధరలో తెలుస్తుంది. మీల్ మేకర్‌లో సగానికి పైగా ప్రోటీనే, కాబట్టి 20 గ్రాములు చాలు. మూడు రూపాయల లోపు. శనగలు 53 గ్రాములు కావాలి, అయిదు రూపాయలు. పెసలు, కందిపప్పు, పల్లీలు అయిదారు రూపాయల్లో వస్తాయి. పల్లీలతో ఒక చిక్కుంది. పది గ్రాముల ప్రోటీన్ కోసం తినే 42 గ్రాముల పల్లీలతో రెండు వందల పైన కేలరీలు కూడా వస్తాయి, బరువు తగ్గాలనుకునేవాళ్ళు గుప్పెడుతో ఆపాలి. గుడ్డులో 6 గ్రాములుంటుంది. గుడ్డు 7 రూపాయలనుకుంటే పది గ్రాములకు 11, 12 రూపాయలు. పాలు, చికెన్ దాదాపు 18. పనీర్ 20 దాటుతుంది. కిలో మూడు వేలుండే ప్రోటీన్ పౌడర్ 40 దగ్గర, కిలో 900 ఉండే బాదంపప్పు అంతకంటే కొంచెం పైన. గుడ్డు పప్పు కంటే ఖరీదే అయినా దాన్ని వదులుకోవద్దు. దాని ప్రోటీన్ నాణ్యత ఎక్కువ, పప్పుల్లో లేని బి12 అందులో ఉంటుంది. గుడ్డు తిననివాళ్ళు పాలు, పెరుగు తగ్గించకూడదు, మజ్జిగ పల్చగా చేసుకుని పెరుగు తిన్నామనుకోకూడదు.

మీల్ మేకర్ చాలా ఇళ్ళలో ఒకసారి వండి మానేస్తారు. వాసన అంటారు. కారణం వండే పద్ధతిలో ఉంది. మనిషికి 25 గ్రాముల చొప్పున తీసుకుని, ఉప్పేసి మరిగించిన నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టాలి. గట్టిగా పిండి, చన్నీళ్ళలో కడిగి మళ్ళీ పిండాలి. రెండుసార్లు ఇలా చేస్తే వాసన పోతుంది. పిండకుండా కూరలో వేస్తే లోపలున్న నీళ్ళ వల్ల మసాలా పట్టదు, చప్పగా రబ్బరులా ఉంటుంది. పిండిన తరువాత ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, రెండు చెంచాల పెరుగు పట్టించి పావుగంట ఉంచి వండితే తేడా తెలుస్తుంది. వారానికి రెండు మూడుసార్లు చాలు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు మాత్రకూ దీనికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉంచాలి.

రాగి జావ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు దాన్ని సర్వరోగ నివారిణిలా తాగుతున్నారు. 30 గ్రాముల రాగిపిండితో చేసిన గ్లాసు జావలో ప్రోటీన్ రెండు గ్రాములే. రాగుల గొప్పతనం కాల్షియంలో ఉంది, ఆ గ్లాసులో వంద మిల్లీగ్రాములకు పైగా వస్తుంది. మెత్తగా పట్టించి పల్చగా కాచిన జావ తొందరగా అరిగి రక్తంలో చక్కెరను తొందరగానే పెంచుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు జావ కంటే సంగటి ముద్దో జొన్న రొట్టో తినడం నయం. జావ తాగితే అందులో బెల్లం కాకుండా మజ్జిగ కలుపుకోవాలి, పక్కన గుడ్డో గుప్పెడు శనగలో ఉండాలి.

టైము ఎక్కడ పోతోంది?

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో వంట మానేయడానికి అసలు కారణం వండే టైము కాదు. ఏం వండాలో తేలక పోవడం, తరగడం, నానబెట్టడం మరచిపోవడం. ఈ మూడూ ఆదివారం రెండు గంటల్లో తీరతాయి.

శనివారం రాత్రి అరకిలో శనగలు నానబెట్టండి. ఆదివారం అయిదారు విజిల్స్ ఉడికించి, సగం ఫ్రిజ్‌లో, సగం డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి. ఒకరోజు పోపేసి గుగ్గిళ్ళు, ఒకరోజు కూర. 300 గ్రాముల కందిపప్పు పసుపు మాత్రం వేసి ఉడికించి, రెండు డబ్బాల్లో ఫ్రిజ్‌లో ఉంచితే సోమవారం టమాటా పప్పు, మంగళవారం తోటకూర పప్పు పావుగంటలో అవుతాయి. ఆకుకూరో టమాటానో విడిగా మగ్గించి, ఉడికిన పప్పు కలిపి ఒక పొంగు రానిచ్చి పోపు పెట్టడమే. ఇలా ఉంచిన పప్పు మూడు రోజులు దాటనివ్వకండి, ప్రతిసారీ పొంగేదాకా వేడి చేయండి.

పప్పు ఉడకకపోతే కారణం సాధారణంగా మూడింటిలో ఒకటి. పులుపు ముందే వేయడం. చింతపండు, మామిడికాయ, టమాటాలోని ఆమ్లం గింజను మెత్తబడనివ్వదు. రెండోది బోరు నీళ్ళు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం వల్ల గింజ గట్టిపడుతుంది. తాగే నీళ్ళతో వండితే అదే పప్పు తొందరగా ఉడుకుతుంది. మూడోది పాత పప్పు, దానికి అరగంట నానబెట్టడమే మందు, గ్యాస్ కూడా ఆదా.

టిఫిన్లలో పని తక్కువా ప్రోటీన్ ఎక్కువా ఉన్నది పెసరట్టు. పులియబెట్టే పని లేదు. నలుగురికి 240 గ్రాముల పెసలు, గుప్పెడు బియ్యం రాత్రి నానబెట్టి, పొద్దున అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో రుబ్బితే మనిషికి 14 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. పెసరట్టు విరిగిపోతుంటే పిండి మరీ మెత్తగా, పల్చగా ఉందని అర్థం. అంటుకుంటుంటే పెనం చాలినంత కాలలేదు. పిండి ఫ్రిజ్‌లో రెండు రోజులుంటుంది, ఆ తరువాత పులిసిన వాసన వస్తుంది. ఉప్మా చేసే రోజు రవ్వ తగ్గించి క్యారెట్, బీన్స్, బఠాణీ రవ్వకు సమానంగా వేయండి, గుప్పెడు పల్లీలు కలపండి.

రాత్రి మిగిలిన అన్నాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎండాకాలం గట్టు మీద వదిలేసిన అన్నంలో ఒక రకం బాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది, అది తరువాత వేడి చేసినా పోదు. అన్నం మిగులుతుందని తెలిసినప్పుడు వెంటనే చల్లార్చి మజ్జిగ కలిపి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నే చద్దన్నం, పక్కన ఉల్లిపాయ, ఉడికించిన గుడ్డు. అయిదు నిమిషాల టిఫిన్.

నూనె లెక్క రోజూ చెంచాలతో వేయలేరు. నెలకు మనిషికి 800 గ్రాములు అని గుర్తుపెట్టుకుని, నలుగురికి మూడున్నర లీటర్లు విడిగా ఒక డబ్బాలో పోసుకోండి. అది నెలాఖరుదాకా రావాలి. వేపుళ్ళ దగ్గరే ఎక్కువ పోతుంది. దొండకాయలు బాణలికి అంటుకోగానే చెయ్యి నూనె డబ్బా మీదకు పోతుంది. అక్కడ తక్కువైంది తడి. ముందే ఉప్పు చల్లి మూతపెట్టి, సన్న సెగ మీద ఎనిమిది నిమిషాలు మగ్గనిచ్చి, అంటుకుంటే చేత్తో నీళ్ళు చిలకరించి, చివర్లో మూత తీసి రెండు చెంచాల నూనెతో ఎర్రగా వేయిస్తే సరిపోతుంది.

మనిషికి 400 గ్రాముల కూరగాయలంటే నలుగురికి రోజుకు 1.6 కిలోలు. ఇదే అన్నింటికంటే కష్టమైన అంకె, ఖర్చు నిజంగా పెరిగేది కూడా ఇక్కడే. ఒకేసారి అంత కుదరకపోతే ఇప్పుడు వండే కూర రెట్టింపు చేయడంతో మొదలుపెట్టండి. సొరకాయ, గుమ్మడికాయ, దోసకాయ, ముల్లంగి, తోటకూర, కాలంలో దొరికే మునక్కాయ, ఇవి దాదాపు ఎప్పుడూ చవకే. రైతుబజార్లో ఆ రోజు ధరల పట్టిక బోర్డు మీద ఉంటుంది, అది చూసి కూర నిర్ణయించుకోవాలి తప్ప కూర నిర్ణయించుకుని వెళ్ళకూడదు. ఆకుకూర కడిగి పెడితే రెండో రోజుకే కుళ్ళుతుంది. వేళ్ళు కోసి, తడి లేకుండా న్యూస్‌పేపర్‌లో చుట్టి పెట్టి, వండేముందు కడగాలి. పండ్లలో జామకాయను మించింది లేదు, ఒక్క కాయతో రోజుకు కావలసిన సి విటమిన్ వచ్చేస్తుంది. భోజనంలో నిమ్మరసమో జామకాయో ఉంటే ఆకుకూరలోని ఐరన్ బాగా ఒంటబడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే పడదు. రక్తం తక్కువున్న ఆడవాళ్ళు టీకి గంట ఎడం ఇస్తే మంచిది.

హాస్టల్లో, రూముల్లో ఉండేవాళ్ళ సంగతి వేరు. అమీర్‌పేట పీజీలోనో విజయవాడ హాస్టల్లోనో మెనూ మీ చేతిలో ఉండదు. అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు గిన్నె అడుగు నుంచి తీసుకోవడం మీ చేతిలో ఉంది. గిన్నె పైన నీళ్ళే తేలుతుంటాయి. పొయ్యి లేకుండా ప్రోటీన్ కావాలంటే పుట్నాలు. 50 గ్రాములకు 11 గ్రాముల ప్రోటీన్, నెలల తరబడి నిల్వ. పుట్నాల పొడి అన్నంలో మొదటి ముద్దల్లోకి కలుపుకోవచ్చు. మొలకలు కట్టుకునేవాళ్ళు పచ్చివి తినకుండా అయిదు నిమిషాలు ఆవిరి మీద ఉంచాలి, మొలకెత్తడానికి కావలసిన తడీ వెచ్చదనమూ క్రిములకు కూడా బాగా నచ్చుతాయి. అయిదు రూపాయల భోజనం దొరికే క్యాంటీన్లలో, ఆంధ్రలో అన్న క్యాంటీన్లయినా హైదరాబాద్‌లోని కేంద్రాలయినా, తినేవాళ్ళు ఒక గుడ్డూ ఒక అరటిపండూ వెంట తీసుకెళితే ఇరవై రూపాయల చిల్లరలో నిండైన భోజనం అవుతుంది.

ఇరవై అయిదు నిమిషాల వ్యాయామం

2022లో భారతీయ పెద్దల్లో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన కనీసం ఇది: వారానికి 150 నిమిషాలు ఆయాసం కాస్త పెరిగే పని, దానితోపాటు రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం. మొదటిది అందరికీ తెలుసు, నడుస్తారు. రెండోది దాదాపు అందరూ వదిలేస్తారు. తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో ఎక్కువ భాగాన్ని తీసుకునేది కండరమే. నలభై దాటాక పని చెప్పని కండరం తరుగుతూ పోతుంది. టైము తక్కువున్నవాళ్ళు ఒకటే ఎంచుకోవలసి వస్తే నేను కండరాల వ్యాయామమే చేయమంటాను, నడకను రోజువారీ తిరుగుడులో ఇరికించవచ్చు కాబట్టి.

జిమ్ అక్కర్లేదు. వెనకటి వ్యాయామశాలల్లో దండీలు (పుషప్‌లు), బస్కీలు (స్క్వాట్లు) తీసిన శరీరాలు ఏ మిషన్ల మీదా తయారుకాలేదు. కావలసినవి ఒక గట్టి స్టూలు, ఒక స్కూలు బ్యాగు, అందులోకి అయిదు లీటర్ల నీళ్ళ క్యాన్, అంటే 5 కిలోలు. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం.

మొదటిది బస్కీలు. వెనక స్టూలు పెట్టుకుని, దానికి పిరుదులు తగిలేదాకా దిగి లేవాలి. మడమలు లేస్తుంటే మోకాళ్ళ మీద ఒత్తిడి పడుతుంది. పాదాలు కొంచెం ఎడం చేసి, ముందు పిరుదులు వెనక్కి పంపి తరువాత మోకాళ్ళు వంచితే సర్దుకుంటుంది. రెండోది దండీలు. నేల మీద రాకపోతే గోడకు ఆనుకుని, తరువాత వంటగట్టు మీద చేతులు పెట్టి, తరువాత స్టూలు మీద, చివరికి నేల మీద. నడుము కిందికి జారితే ఆ మెట్టు మీకు ఇంకా ఎక్కువైందని అర్థం, ఒక మెట్టు వెనక్కి రండి. మూడోది లాగడం. ఒక చెయ్యి స్టూలు మీద ఆన్చి, వీపు వంకర లేకుండా వంగి, బ్యాగును నేల నుంచి నడుము దాకా లాగాలి. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళ వంగిన భుజాలకు ఇదే ముఖ్యం, ఇంట్లో చేసేవాళ్ళు మానేసేదీ ఇదే. నాలుగోది బ్యాగు రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ళు కొద్దిగా వంచి, పిరుదులు వెనక్కి తోస్తూ వంగి లేవడం. వంగేది తుంటి దగ్గర, నడుము దగ్గర కాదు. అయిదోది ప్లాంక్, అంటే బోర్లా ముంజేతులూ కాలివేళ్ళూ ఆన్చి ఒళ్ళు తిన్నగా పైకెత్తి ఉంచడం, 20 నుంచి 40 సెకన్లు.

మొదటి నాలుగూ ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు, మధ్యలో నిమిషం విశ్రాంతి. అయిదూ కలిపి ఒక చుట్టు ఎనిమిది నిమిషాలు. మొదటి రెండు వారాలు రెండు చుట్లు, తరువాత మూడు. ఇంకో రెండుసార్లు చేయగలం అనిపించిన చోట ఆపాలి. అన్ని చుట్లలోనూ 12 తేలిగ్గా వస్తే తరువాతిసారి కష్టం పెంచాలి, బ్యాగులో రెండు లీటర్ల నీళ్ళు ఎక్కువో, దండీల్లో ఒక మెట్టు కిందకో. ఈ పెంచడం లేకపోతే ఫలితం ఆగిపోతుంది. రోజూ అవే ఇరవై గుంజీళ్ళు ఏళ్ళ తరబడి తీసినా కండరం పెరగకపోవడానికి కారణం అదే. ఇంటిపనికీ ఇదే వర్తిస్తుంది. అది శ్రమే, 150 నిమిషాల్లో దాన్ని లెక్కేసుకోవచ్చు, కానీ బరువు పెరుగుతూ పోయేది కాదు.

ఎక్కువమంది మానేసేది మొదటి వారంలోనే. ఉత్సాహంగా వంద బస్కీలు తీస్తారు, రెండో రోజు మెట్లు దిగలేరు. ఆ నొప్పి ఒకటి నుంచి మూడు రోజులుండి పోతుంది, ప్రమాదం లేదు. తక్కువతో మొదలుపెడితే అదీ రాదు. కీలులో గుచ్చినట్టు వచ్చే నొప్పి మాత్రం వేరు, అప్పుడు ఆపాలి.

నడకకు విడిగా గంట కేటాయించనక్కర్లేదు. ప్రతి భోజనం తరువాత పది పదిహేను నిమిషాలు నడిస్తే చక్కెర పెరుగుదల తగ్గుతుంది, రోజుకు రెండుసార్లు పావుగంట చొప్పున నడిచినా వారం లెక్క పూర్తవుతుంది. బస్సు ఒక స్టాపు ముందు దిగండి, మెట్రో స్టేషన్లో మెట్లెక్కండి. ఏప్రిల్, మే నెలల్లో ఏడు లోపో పొద్దుగుంకాకో. వీధి కుక్కలూ చీకటీ వల్ల బయటికి వెళ్ళలేని ఆడవాళ్ళకు డాబా, అపార్ట్‌మెంట్ మెట్లు, చివరికి హాల్లో అక్కడే నిలబడి నడవడం కూడా పనికొస్తాయి. అరగంట నడకతో 60 కిలోల మనిషికి ఖర్చయ్యేది 120 కేలరీల దాకా మాత్రమే, ఒక సమోసాతో తిరిగొచ్చేస్తుంది. బరువు తగ్గేది ముఖ్యంగా పళ్ళెం దగ్గరే.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర పడిపోవచ్చు, మందు మోతాదు డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి. కిడ్నీ జబ్బున్నవాళ్ళు ప్రోటీన్ పెంచేముందు తప్పకుండా అడగాలి. నడుస్తుంటే ఛాతీలో బిగుతు, కళ్ళు తిరగడం ఉంటే వ్యాయామం కంటే ముందు పరీక్ష.

రెండు నెలల పాటు తూకం మిషన్ ఒక్కటే నమ్ముకోకండి. కండరం చేరి కొవ్వు తగ్గుతుంటే ముల్లు కదలకపోవచ్చు. టైలరు టేపుతో బొడ్డు దగ్గర నడుము కొలిచి రాసుకోండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. వారానికోసారి, పరగడుపున, ఊపిరి వదిలాక కొలవాలి. టేపు పక్కనే బస్కీల లెక్క, నెలాఖరున పప్పు ఎన్ని కిలోలు వాడారో రాసుకుంటే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. నడుము తగ్గకుండా బస్కీలు పెరుగుతుంటే నూనె డబ్బా చూడండి. నడుము తగ్గుతూ బస్కీలు పెరగకపోతే పప్పో నిద్రో చాలడం లేదన్నమాట.